కాన్పు ఎలాగన్నది కాదు, ఎవరిదన్నది తేల్చుకో

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒకమ్మాయి ఉత్తరం రాసింది. ఏడో నెల నడుస్తోంది. మూడేళ్ల కింద మొదటి కాన్పులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు అత్తగారు "మేం నాట్లేసి వచ్చి కన్నాం, నీకేమైంది" అంటోంది. తల్లేమో భయపడుతోంది. నార్మల్ కోసం చూడాలా, మళ్లీ ఆపరేషనేనా అని ప్రశ్న.

తల్లీ, అది తేల్చాల్సింది నేనూ కాదు, మీ అత్తగారు అసలే కాదు. మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. గర్భసంచి మీద కోత కింది భాగంలో అడ్డంగా పెట్టారా, నిలువుగా పెట్టారా అన్నది ముఖ్యం. పొట్ట మీది మచ్చ చూస్తే అది తెలియదు. అడ్డకోత అయి, ఈసారి బిడ్డ తల కిందికి ఉంటే, మూడేళ్ల ఎడం ఎలాగూ ఉంది కాబట్టి ప్రయత్నించవచ్చనే అనవచ్చు. అలా ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పే అవుతుంది. నొప్పుల్లో పాత కుట్టు చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. ఆ ఒక్కరికి మాత్రం నిమిషాల్లో ఆపరేషన్ జరగాలి. కాబట్టి అర్ధరాత్రైనా మత్తు డాక్టరు, రక్తం, థియేటర్ దొరికే చోటే నొప్పులు పడాలి. నొప్పులు రావడానికని ఎవరైనా మాత్ర ఇస్తే మింగొద్దు. ఆపరేషనే మంచిదంటే చేయించుకో. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ముందే చెప్పు, ఆపరేషన్లు పెరిగేకొద్దీ మాయ కుట్టుకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఇక అత్తగారి నాట్ల సంగతి. నాట్లేసి వచ్చి కన్నవాళ్లే ఇవాళ ఆ కథ చెబుతున్నారు. కనలేక పోయినవాళ్లు చెప్పడానికి లేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. అందులో అక్కర్లేనివి బోలెడు ఉంటాయి, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఎదురుకాళ్ల బిడ్డను కన్న నువ్వు తల దించుకోవడమెందుకు?

నన్ను ఆపింది నీ రెండో పేజీ చివర ఇరికించి రాసిన వాక్యం. "పోయినసారి బిల్లుకు అమ్మ కుదువ పెట్టిన గొలుసు ఇంకా విడిపించలేదు. మళ్లీ ఆపరేషన్ అంటే అమ్మ ఏం పెడుతుంది?" ఇదీ నీ అసలు బాధ. పత్తి ఏరే కూలికి వెళ్లే ఒంటరి ఆడమనిషి మీ అమ్మ. మిర్యాలగూడ రైసుమిల్లులో నెల జీతం తెచ్చుకునే మనిషి నీ భర్త. ఉత్తరం మొత్తంలో ఆయన గురించి ఒకటే మాట: "ఆయన ఏమీ అనరు." ఏమీ అనకుండా ఉండటం వల్ల ఆయనకెంత మిగిలిందో ఎప్పుడైనా లెక్కేశావా?

తొలి కాన్పు పుట్టింటిదన్న ఆనవాయితీని నేను కొట్టిపారేయను. అమ్మ చేతి పథ్యం, నాలుగు నెలల విశ్రాంతి ఏ ఆడపిల్లకైనా కావాలి. దాన్ని అడ్డం పెట్టుకుని మొగుడు దవాఖాన బిల్లు నీ పుట్టింటి గుమ్మంలో పడేసి రావడం ఏ ఆనవాయితీ? పైగా ఇది రెండోది. భార్య కాన్పుకు జేబులోంచి రూపాయి తీయనివాడు తొట్టెల ఫంక్షన్‌లో బంధువుల ముందు మీసం తిప్పకూడదని నా అభిప్రాయం. కటువుగా ఉంటే ఉండనీ.

నిన్నూ ఒకటి అడుగుతాను. గొలుసు సంగతి ఆయనకు నోరు విప్పి చెప్పావా? చెప్పినట్టు ఎక్కడా రాయలేదు. నీ ముఖం చూసి ఆయనే గ్రహిస్తాడని కూర్చుంటే ఇంకో మూడేళ్లు గడిచిపోతాయి. అమ్మ దగ్గర కుదువ చీటీ తీసుకుని ఆయన చేతిలో పెట్టు. నెలకింత అని కట్టమను.

డబ్బుకు భయపడి మాత్రం నార్మల్ ఎంచుకోకు. నల్లగొండ సర్కారు పెద్ద దవాఖాన మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉంది. అక్కడ కాన్పైనా ఆపరేషనైనా పైసా కట్టక్కర్లేదు. చెకప్‌లకు 102 బండి వస్తుంది. వచ్చే చెకప్‌కు ఆయనతో మిల్లుకు సెలవు పెట్టించి వెంట తీసుకెళ్లు. డాక్టరమ్మ చెప్పేది ఆయన చెవులతోనే విననీ. ఇంటికొచ్చాక అత్తగారు నాట్ల మాట ఎత్తితే నువ్వు లోపలికెళ్లి పడుకో, జవాబు వాళ్లబ్బాయి చెబుతాడు.