నోవహు ఆజ్ఞల బృందంలో ఇద్దరు నాయకులు, రెండు తీర్పులు

యూదులు కాని వాళ్లకు యూదు మతం చెప్పే ఏడు ఆజ్ఞలు (నోవహు ఆజ్ఞలు) పాటించే మీ బృందంలో, యూదుల్లా శనివారం పూర్తి విశ్రాంతి పాటించాలని ఒక నాయకుడు, కూడదని ఇంకొకరు అంటున్నారంటే తప్పు ఆ ఇద్దరిదే కాకపోవచ్చు. పాఠం, తీర్పు, డబ్బు మూడూ ఒకే కుర్చీకి కట్టేశారు.

1. ఇద్దరూ పాఠం చెప్పొచ్చు. తీర్పు మాత్రం ఇవ్వకూడదు.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఏడు ఆజ్ఞల సంగతి బాగా తెలిసిన ఆర్థడాక్స్ రబ్బీ (సంప్రదాయ యూదు మతగురువు) ఒక్కరినే తీర్పు చెప్పడానికి ముందుగా ఒప్పించుకోండి. ఎవరికి నచ్చిన రబ్బీని వాళ్లు అడిగితే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. ప్రశ్న రాసి పంపండి, జవాబు తేదీతో అందరికీ కనిపించేలా పెట్టండి. "మేం యూదులం కాము" అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి. లేకపోతే యూదులకు చెప్పే జవాబే రావచ్చు.

మీ తగవే చూడండి. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ రాసిన ధర్మశాస్త్రం 'మిష్నే తోరా'లో రాజుల నియమాలు అనే భాగం, 10వ అధ్యాయం యూదులు కాని వాళ్ల గురించి చెప్పేది: సొంతంగా ఆజ్ఞలు కల్పించి కొత్త మతం పెట్టొద్దని 9వ నియమం, ప్రతిఫలం కోసం వేరే ఆజ్ఞ ఆచరిస్తే అడ్డుకోనక్కర్లేదని 10వది. శనివారం విశ్రాంతి కూడదన్న మాట 9లోనే ఉంది. 10 ఒక్కటే చదివితే అది కనపడదు.

3. డబ్బు మూడో మనిషికి, రెండు సంతకాలతో.

4. సమన్వయకర్త ఏడాదికొకరు. 'రబ్బీ' బిరుదు ఎవరికీ వద్దు.