యూరప్ ట్రిప్ బడ్జెట్‌కి సగం అదనంగా కలపాలా?

ప్రశ్న: వచ్చే జూన్‌లో మావారు, నేను, మా ఎనిమిదేళ్ల పాప పన్నెండు రోజుల ట్రిప్‌కి వెళ్దామనుకుంటున్నాం. పారిస్, స్విట్జర్లాండ్, రోమ్. మాకు వీసా కావాలి. విమానం టికెట్లు, హోటళ్లు, రోజువారీ ఖర్చు కలిపి బడ్జెట్ వేశాను. రోజువారీ ఖర్చుకి ఒక ట్రావెల్ వీడియోలో చెప్పిన మొత్తం తీసుకుని ముగ్గురికి, పన్నెండు రోజులకి గుణించాను. ఆ మొత్తంలో 80 శాతం ఇప్పటికే పక్కన పెట్టాం. ఇంకా పది నెలలుంది, నెలకి మరో 4 శాతం చొప్పున పెట్టగలం. మా వదిన మాత్రం "నువ్వెంత వేసుకున్నావో దానికి సగం కలుపుకో" అంటోంది. నిజంగా అంతవుతుందా? చాలకపోతే క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవచ్చా?

జవాబు: మీరు పంపిన అసలు అంకెలు ఇక్కడ వేయడం లేదు. మీ బడ్జెట్‌ని 100 అనుకుందాం. అందులో విమానానికి 45, హోటళ్లకి 30, రోజువారీ ఖర్చుకి 25 వేశారు. జూన్ నాటికి మీ దగ్గర 120 ఉంటాయి. చూడ్డానికి ఇంకా మిగిలేలానే ఉంది. మిగలదు. మీ వదిన గుడ్డిగా చెప్పినా మరీ దూరంగా ఏమీ చెప్పలేదు.

ముందు ఆ వీడియో సంగతి. అది ఎప్పుడు తీశారు, చెప్పిన మొత్తంలో ఏమేం కలిపారు, వాళ్లు ఏ దేశంలో తిరిగారు అన్న మూడూ తెలియకపోతే ఆ అంకెకి విలువ లేదు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం టికెట్ 2023లో 17 యూరోలు. 2024 జనవరిలో 22 అయింది. 2026 జనవరి నుంచి యూరప్ ఆర్థిక ప్రాంతానికి (యూరోపియన్ యూనియన్, మరో మూడు దేశాలు) బయటి దేశాల వాళ్లకి 32 యూరోలు చేశారు. రెండేళ్ల కిందటి వీడియో నమ్ముకుని వెళ్తే మొదటి క్యూలోనే లెక్క తప్పుతుంది. ధరలు చూసేది ఎప్పుడూ ఆ మ్యూజియం, ఆ రైల్వే సొంత వెబ్‌సైట్‌లోనే.

రెండోది, మూడుతో గుణించడం. పాప అన్నిచోట్లా పూర్తి మనిషి కాదు. లూవ్ర్‌లో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి ప్రవేశం ఉచితం. స్విట్జర్లాండ్‌లో తల్లిదండ్రుల దగ్గర ట్రావెల్ పాస్ (రైళ్లు, బస్సులకి కలిపి ఒకే టికెట్) గానీ హాఫ్ ఫేర్ కార్డు (సగం ధరకి టికెట్లు ఇచ్చేది) గానీ ఉంటే, ఉచితంగా ఇచ్చే ఫ్యామిలీ కార్డుతో ఆరు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు వాళ్లతో పాటు ఫ్రీగా తిరగొచ్చు. దీన్ని టికెట్ కొనేటప్పుడే అడగాలి. ఈ మూడు దేశాలకీ కలిపి ఒకటే అయిన షెంజెన్ వీసా ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. విమానంలో మాత్రం పాపకి సీటు ధర పెద్దవాళ్లదానికి దగ్గర్లోనే ఉంటుంది. అంటే పాప వల్ల మీ లెక్క కొన్నిచోట్ల ఎక్కువ పడింది, కొన్నిచోట్ల సరిపోయింది. తక్కువ పడింది వేరే చోట్ల.

పన్నెండు రోజులకీ ఒకే సగటు వేయడం అందులో మొదటిది. స్విట్జర్లాండ్ యూరోలు వాడదు, ఫ్రాంకులు వాడుతుంది. భోజనం, రైలు, కొండ మీదకి వెళ్లే కేబుల్ కారు, అన్నీ మిగతా రెండు చోట్లకంటే బాగా ఖరీదు. అక్కడి రోజులకి విడిగా ఒక అంకె వేసుకోండి. మూడు దేశాలూ కలిపిన సగటు ఏ దేశంలోనూ నిజం కాదు.

ఇక మీ పట్టికలో అసలు లేనివి. ఊరి నుంచి ఊరికి రైళ్లు, విమానాలు మీరు ఎక్కడా వేయలేదు. పారిస్ నుంచి స్విట్జర్లాండ్, అక్కడి నుంచి రోమ్ అంటే ఇవి చిల్లర ఖర్చులు కావు. చవక విమానం దొరికిందని సంబరపడే ముందు ఎక్కడ దిగుతుందో చూడండి. "పారిస్" అని అమ్మే బోవే ఎయిర్‌పోర్టు ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సు ఖర్చు, బ్యాగుల ఫీజు, పోయిన సగం పూట కలిపితే ఆ చవక చవకలా ఉండదు. అలాగే అర్ధరాత్రి దిగే విమానమైతే టాక్సీ ఖర్చు టికెట్‌లోదే అనుకుని పోల్చుకోండి.

హోటల్ ధరలో సిటీ ట్యాక్స్ (బస చేసినందుకు ఆ ఊరు వేసే పన్ను) చాలాసార్లు కలిసి ఉండదు, చెక్-ఇన్ దగ్గర కట్టాలి. రోమ్‌లో త్రీ స్టార్ హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు, ఫైవ్ స్టార్‌లో 10. పదేళ్ల లోపు పిల్లలకి అక్కడ మినహాయింపు ఉంది. ఇటలీలో చాలా రెస్టారెంట్లలో కూర్చున్నందుకే తలకింత అని 'కోపెర్తో' వేస్తారు. చిన్న మొత్తమే, కానీ రోజుకి రెండు పూటలూ పడొచ్చు.

కార్డు విషయం. విదేశీ కరెన్సీ మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు అదనంగా వేసే శాతం) ఎంతో మీ బ్యాంకుని అడిగి, ఆ శాతాన్ని అక్కడ పెట్టబోయే ఖర్చు మొత్తానికి కలపండి. మెషిన్ మీద "మీ దేశపు కరెన్సీలో కడతారా, యూరోల్లో కడతారా" అని అడిగినప్పుడు యూరోలే నొక్కండి, స్విట్జర్లాండ్‌లో అయితే ఫ్రాంకులు. మన కరెన్సీలో చూపిస్తే లెక్క తెలుస్తుంది కదా అని చాలామంది అదే నొక్కుతారు. ఆ మారకపు రేటు దుకాణం తరఫున వేసేది, సాధారణంగా బ్యాంకు రేటుకంటే మీకు నష్టం. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ ఫీజు పడొచ్చు కాబట్టి రోజూ కాస్త కాస్త తీయకండి.

వీసా దగ్గర ఇంకో మెలిక ఉంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజుల దాకా పట్టొచ్చు. రాకపోతే ఫీజు తిరిగి ఇవ్వరు. కాబట్టి వీసా చేతికి వచ్చేదాకా హోటళ్లు రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయాలి, అవి కొంచెం ఎక్కువే ఉంటాయి. ఆ తేడా కూడా ఖర్చే. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. పాప పాస్‌పోర్టు గడువు ఇవాళే చూడండి, చాలా దేశాల్లో పిల్లల పాస్‌పోర్టు పెద్దలదానికంటే త్వరగా ముగుస్తుంది.

ఇప్పుడు కూడదాం. ఇవి నా అంచనాలు, ధరలు చూసి మీరు సరిదిద్దుకోండి. వీసా, బీమా, బయల్దేరే ముందు ఖర్చులకి 6. ఊళ్ల మధ్య ప్రయాణాలకి 10. మ్యూజియం లాంటి చోట్ల టికెట్లు, కేబుల్ కార్లకి 6. సిటీ ట్యాక్స్, కార్డు మార్కప్‌కి 4. మొత్తం 126. దీని మీద అదనపు కుషన్ పెట్టాలి, అయితే మొత్తం మీద కాదు. విమానం టికెట్ కొన్నాక దాని ధర ఇక మారదు, వీసా ఫీజు ముందే తెలుసు. ఆ రెండూ పోగా మిగిలిన 75 మీద 15 శాతం, అంటే 11. మారకపు రేటు ఎగుడుదిగుళ్లు, తప్పిపోయిన రైలు, పాపకి జ్వరం, అన్నీ ఈ 11లోనే. చివరికి 137. మీ వదిన 150 అంది.

మీ దగ్గర జూన్ నాటికి ఉండేది 120. తేడా 17. దాన్ని ఈఎంఐలో పెట్టొద్దు. వడ్డీ ఒక్కటే కారణం కాదు. ట్రిప్‌లో వాడిన కార్డు బిల్లు తిరిగొచ్చిన కొన్ని వారాలకి వస్తుంది. మీరు లేని ఆ పన్నెండు రోజులకీ ఇంటి అద్దె, పాప ఫీజు, మిగతా వాయిదాలు ఆగవు. ఆ నెలలోనే కొత్త ఈఎంఐ మొదలైతే టెన్షన్ తప్పదు. ఆ 80లో మీ ఎమర్జెన్సీ ఫండ్ కలిసి ఉంటే మాత్రం అది తీసేసి మళ్లీ లెక్క వేయండి. వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు చూస్తారని చివర్లో ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేయడం కూడా వద్దు. హఠాత్తుగా వచ్చిన పెద్ద మొత్తం గురించే ముందు అడుగుతారు.

నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, జూన్ బదులు అక్టోబరు. నాలుగు నెలల్లో ఇంకో 16 చేరతాయి, తేడా దాదాపు పూడిపోతుంది. పైగా వేసవి రద్దీ తగ్గాక హోటళ్లు కూడా కాస్త దిగొచ్చే అవకాశం ఉంది. పాపకి బడి పోతుందన్నది ఒక్కటే చిక్కు. రెండు, జూన్‌లోనే వెళ్లి స్విట్జర్లాండ్ తీసేయడం, ఆ రోజులు పారిస్, రోమ్‌కి పంచుకోవడం. నిజానికి డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఎనిమిదేళ్ల పిల్లతో పన్నెండు రోజుల్లో మూడు దేశాలంటే పెట్టెలు సర్దడంతోనే సరిపోతుంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

ఏది ఎంచుకున్నా, విమానం టికెట్ కొనే ముందు స్విట్జర్లాండ్ ఉన్న పట్టిక ఒకటి, లేని పట్టిక ఒకటి పక్కపక్కన వేసి మీవారితో కూర్చోండి. టికెట్ కొన్నాక దిగే ఊరు, తిరిగొచ్చే ఊరు మార్చడానికి మళ్లీ డబ్బు కట్టాలి.