వ్యాసం ఇస్తే వృత్తం వైశాల్యం ఎలా కట్టాలి?

మీ అబ్బాయికి వ్యాసార్థం ఇస్తే లెక్క వస్తోంది, వ్యాసం ఇస్తే మాత్రం దాన్నే వర్గం చేసి పై (π)తో గుణించేస్తున్నాడు, రెండింటికీ రెండు సూత్రాలు బట్టీ పట్టించాలా అని అడిగారు. అక్కర్లేదండీ. సూత్రం ఒక్కటే. కాకపోతే దాన్ని వ్యాసం వైపు నుంచి కూడా చూడటం అలవాటు చేయించండి.

నేను గుంటూరులో ఇళ్ళ పనులు చేయిస్తుంటాను. మా పనిలో వ్యాసార్థం చెప్పేవాళ్ళు ఉండరు. బావి వర, పైపు, ఇనప కడ్డీ, నీళ్ళ ట్యాంకు, ఏదైనా వ్యాసంతోనే కొంటాం, వ్యాసమే కొలుస్తాం. వర మధ్యలో ఖాళీయే తప్ప కేంద్రం అని గుర్తేమీ ఉండదు కదా, అక్కణ్ణుంచి టేపు ఎలా పడతాం!

వ్యాసం అంటే వ్యాసార్థానికి రెట్టింపు. రెట్టింపుని వర్గం చేస్తే నాలుగు రెట్లవుతుంది. అంటే మీవాడికి వచ్చే జవాబు అసలు జవాబుకి సరిగ్గా నాలుగింతలు. దాన్ని నాలుగుతో భాగిస్తే సరిపోతుంది: పై × వ్యాసం × వ్యాసం ÷ 4. ఆ పైని ముందే నాలుగుతో భాగించి పెట్టుకుంటే 0.7854. బడిలో 22/7 వాడతారు కాబట్టి వాడికి 11/14 అని చెప్పండి. వ్యాసం 14 సెంటీమీటర్లు అనుకోండి. 14 × 14 = 196, దాన్ని 11/14తో గుణిస్తే 154 చదరపు సెంటీమీటర్లు. వ్యాసార్థంతో చేసినా 22/7 × 49 = 154. రెండు దారుల్లోనూ వాడి చేతే చేయించండి.

ఈ 0.7854 ఏమిటో వాడికి తెలియాలి. వృత్తం చుట్టూ, దాన్ని నాలుగు వైపులా తాకేలా చతురస్రం గీయమనండి. ఆ చతురస్రం భుజం మన వ్యాసమే. అందులో నూటికి 78న్నర వంతులు వృత్తం, మిగిలింది నాలుగు మూలలూను. కాబట్టి జవాబు వ్యాసం వర్గాన్ని మించిందంటే ఇంకేమీ చూడక్కర్లేదు, అది తప్పే. మీవాడికి నేనైతే సూత్రం కంటే ముందు ఈ పరీక్షే నేర్పిస్తాను.

బ్రాడీపేటలో ఒక ఇంటి పెరట్లో వరల బావి తవ్వించాల్సి వచ్చింది. ఇంటాయన మూడడుగుల వర చాలన్నారు, నాలుగడుగులదైతే మాత్రం ఎక్కువ వచ్చేదేముంది, అడుగేగా అని. గచ్చు మీద సుద్దతో లెక్క వేసి చూపించాను. మూడుకి వర్గం 9, దాన్ని 0.7854తో గుణిస్తే 7.07 చదరపు అడుగులు. నాలుగుకి వర్గం 16, అది 12.57 అవుతుంది. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. అంటే బావిలో అడుగు ఎత్తు నీళ్ళుంటే మొదటిదాంట్లో 200 లీటర్లు, రెండోదాంట్లో 356. ఆయన ఆ రెండంకెలూ ఒకసారి చూసి నాలుగడుగులవే తెప్పించమన్నారు.

కొలిచేటప్పుడు టేపు ఒక కొస లోపలి అంచుకి అదిమిపెట్టి, రెండో కొస ఎదుటి అంచు వెంట అటూ ఇటూ జరపాలి. అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడ చూపిస్తే అదే వ్యాసం. దానికి అడ్డంగా ఇంకోసారి పట్టాలి, ఎందుకంటే కొన్ని వరలు పూర్తి గుండ్రంగా ఉండవు. రెండు కొలతలూ కాస్త తేడాగా వస్తే ఒకదాని వర్గం బదులు ఆ రెండింటినీ గుణించి 0.7854 వేస్తాం. రెండడుగుల ఆరంగుళాలు వస్తే లెక్కలో 2.5 అని వేయాలి, 2.6 కాదు. ఇది పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ తప్పుతారు.

గుండ్రటి స్తంభానికి వ్యాసం కొలవడం కుదరదు. చుట్టూ టేపు తిప్పడమే. 66 అంగుళాలు వచ్చిందనుకోండి. 22/7తో భాగిస్తే వ్యాసం 21. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సూత్రం ఆర్యభటుడిది. 499లో ఆయన రాసిన ఆర్యభటీయంలో, చుట్టుకొలతలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణిస్తే వృత్తం వైశాల్యం అని ఒక్క ముక్కలో చెప్పాడు. 33 × 10.5 = 346.5 చదరపు అంగుళాలు, అయిపోయింది. వ్యాసం 20,000 ఉంటే చుట్టుకొలత సుమారుగా 62,832 అని చెప్పిందీ ఆయనే. భాగించి చూడండి, 3.1416. దాన్ని నాలుగుతో భాగిస్తే మన 0.7854 వస్తుంది.

ఎందుకలా వస్తుందో ఇంట్లోనే చూపించొచ్చు. కంచం బోర్లించి కాగితం మీద గీసి, కత్తిరించి, మధ్యకి మడుస్తూ పదహారు ముక్కలు చేయండి. ఒక ముక్క మొన పైకి, పక్కది కిందికి వచ్చేలా వరసగా పేర్చండి. దాదాపు దీర్ఘచతురస్రం అవుతుంది. పొడవు చుట్టుకొలతలో సగం, ఎత్తు వ్యాసార్థం. ముక్కలు ఎంత సన్నగా కోస్తే వంకర అంచులు అంత సాపవుతాయి.

కడ్డీల లెక్క కూడా ఇదే. సైట్లలో మేస్త్రీలు వ్యాసం వర్గాన్ని 162తో భాగించి మీటరు బరువు చెప్పేస్తారు. 12 ఎమ్మెమ్ కడ్డీకి 144 ÷ 162, అంటే 0.889 కిలో. 12 మీటర్ల కడ్డీ అయితే 10.67 కిలోలు. ఆ 162 ఎక్కణ్ణుంచో రాలేదు. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు. 0.7854ని దాంతో గుణించి, ఎమ్మెమ్‌లు మీటర్లవ్వాలి కాబట్టి పది లక్షలతో భాగిస్తే, వచ్చేది దాదాపు 162లో ఒక వంతే.

పరీక్షలో మాత్రం వ్యాసం ఇచ్చినప్పుడు మొదటి లైన్లోనే దాన్ని సగం చేసి వ్యాసార్థం రాసేసి, అక్కణ్ణుంచి మామూలుగా చేసుకుపొమ్మనండి. చివర్లో 11/14తో ఒకసారి సరిచూసుకుని, చదరపు సెంటీమీటర్లా మీటర్లా అన్నది రాయమనండి.