ఈత దుస్తులు ఇంట్లో కుట్టుకోవచ్చా?

ప్రశ్న: మా పదేళ్ల పాప ఈత నేర్చుకుంటోంది. మోకాళ్ల వరకు వచ్చే ఈత దుస్తులు నేనే కుట్టాలనుకుంటున్నాను. పాత కాటన్ లెగ్గింగ్ బట్ట పనికొస్తుందా? నా మిషన్ మీద మామూలు కుట్టు మాత్రమే పడుతుంది.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కాటన్ పనికిరాదు, నీళ్లు పీల్చుకుని, బరువెక్కి జారిపోతుంది. నైలాన్‌లో స్పాండెక్స్ అనే సాగే పోగు సుమారు 15 నుంచి 20 శాతం కలిసి, నిలువుగానూ అడ్డంగానూ సాగే బట్ట తీసుకోండి. లేత రంగైతే లోపల అస్తరు తప్పదు.

అసలు చిక్కు కుట్టు దగ్గరే ఉంది. మామూలు కుట్టు బట్టతోపాటు సాగదు కాబట్టి, పాప చేయి చాపగానే చంక దగ్గర దారం పుటుక్కున తెగుతుంది. చీరలకు పీకో చేసే మిషన్ వేసేది బట్టతోపాటు సాగే, వంకీలు తిరిగిన జిగ్‌జాగ్ కుట్టే గనుక, ముక్కలు మీరు కత్తిరించుకుని, అతుకులు మాత్రం పీకో చేసేవారి దగ్గర వేయించుకోవడం మేలని నా అభిప్రాయం. పాలిస్టర్ దారం, మొన గుండ్రంగా ఉండే 11 నంబరు సూది వాడమనండి. పదునైన సూది పోగులను తెంపి చిల్లులు పెడుతుంది. ఎలాస్టిక్‌ను అంచు కొలత కంటే కాస్త తక్కువగా కత్తిరించి, సాగదీస్తూ కుట్టాలి.

తుమ్మలపెంట తీరానికి వెళ్లినా, కొలనులో దిగినా, రాగానే మంచినీళ్లలో జాడించి నీడన ఆరవేయండి. క్లోరిన్ స్పాండెక్స్‌ను తినేస్తుంది. ఇక మన జిల్లా ఎండ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు.