పాంటియాక్ బానెట్ కింద షెవర్లే ఇంజనా?

"అన్నా, 1967 పాంటియాక్ పారిసియన్ కారు ఒకటి నచ్చింది. బాడీ పాంటియాక్‌ది, ఇంజను షెవర్లేది. ఎవరో మార్చేసి నాకు అంటగడుతున్నారా?" అని కెనడాలోని బ్రాంప్టన్ నుంచి ఒక తమ్ముడి సందేహం.

లేదు తమ్ముడూ, అదే అసలు సరుకు. నేనూ వచ్చిన కొత్తలో ఇదే అనుమానంతో ఒక మంచి బండి వదిలేసుకున్నాను. అమెరికా పుస్తకం చూసి కెనడా కారుని తూచాను మరి!

1965లో కెనడా, అమెరికాల మధ్య కార్ల వ్యాపార ఒప్పందం "ఆటో పాక్ట్" కుదిరేదాకా సరిహద్దు దాటి వచ్చే కార్ల మీద, విడిభాగాల మీద సుంకాలుండేవి. ఇక్కడ అమ్మకాలూ తక్కువే. పాంటియాక్, షెవర్లే రెండూ జనరల్ మోటార్స్ (జీఎం) బ్రాండ్లే. రెండింటికీ రెండు రకాల ఇంజన్లు ఎక్కడ పెట్టుకుంటారు? అందుకే కెనడాలోని ఒషావా ప్లాంటులో షెవర్లే చాసిస్, ఇంజన్ల మీద పాంటియాక్ రూపం తొడిగారు. ఒప్పందం తర్వాత కూడా కొన్నేళ్లు అదే సాగింది. 1959లో అమెరికా పాంటియాక్ "వైడ్ ట్రాక్" (చక్రాల మధ్య ఎడం ఎక్కువ) అని గొప్పలు పోతుంటే, ఇక్కడి బండి చక్రాలు నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడి చేతుల్లా లోపలెక్కడో ఉండేవి.

పేర్లూ వేరే. కింద స్ట్రాటో-చీఫ్, నడుమ లారెన్షియన్, పైన పారిసియన్. షెవర్లేలో బిస్కేన్, బెల్ ఎయిర్, ఇంపాలా ఉన్నట్టు. 1966లో వీటన్నిటి పైన గ్రాండ్ పారిసియన్ వచ్చింది.

బోమాంట్ అనే ఇంకో కెనడా జీఎం కారు దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. 1966 నుంచి 1969 దాకా అది విడి బ్రాండు. పాంటియాక్ అన్నావంటే పాత కార్లవాళ్లు వెంటనే సరిదిద్దుతారు. బాడీ షెవర్లే కారైన షెవెల్‌ది. అందులో ఎస్‌డీ అంటే స్పోర్ట్ డీలక్స్, షెవర్లే స్పోర్టీ రకమైన ఎస్‌ఎస్‌కి జోడీ. ఎస్‌డీ అంటే ధర ఎగబాకుతుంది, బ్యాడ్జీ బిగించడానికేమో పావుగంట చాలు. ఒకాయన చూపించిన బ్యాడ్జీ, బకెట్ సీట్లు చూసి నేను డబ్బు కట్టేశాను. తర్వాత కాగితాలు తెప్పిస్తే అది మామూలు బోమాంట్.

కాబట్టి ముందు కాగితాలు. 1967 బండికి విన్ (బండి గుర్తింపు నంబరు) ప్లేటు డ్రైవరు తలుపు హింజ్‌ల పక్కన, బాడీ స్తంభం మీద ఉంటుంది. 1968 నుంచి ముందు అద్దంలోంచి డాష్‌బోర్డు మీద కనిపిస్తుంది. మొత్తం 13 అంకెలు. ఆరోది మోడల్ సంవత్సరం, ఏడోది ప్లాంటు. అక్కడ 1 ఉంటే ఒషావా. ఆ నంబరు పంపి ఫీజు కడితే, ఇక్కడ అమ్మిన పాత బండ్ల రికార్డులు జీఎం కెనడా నుంచి తెప్పించుకోవచ్చు. ఏ ఇంజనుతో, ఏ ఆప్షన్లతో తయారైందో అందులో తెలుస్తుంది. అమ్మేవాడు "ఎందుకండీ ఆ ఖర్చు" అన్నాడంటే తప్పకుండా తెప్పించు.

మీటరు మైళ్లలో ఉందని టెన్షన్ పడకు. ఇక్కడ రోడ్డు బోర్డులు కిలోమీటర్లకు మారిందే 1977లో. నీ పారిసియన్ ఇంకా అమ్ముడుపోకపోతే, కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఇంజను కంటే ముందు దాన్నే తినేస్తుంది.