ఫ్రిజ్ సంగతి తర్వాత.. ముందు మీ అత్తగారిని డాక్టరుకు చూపించండి

ప్రశ్న: పెళ్లికి ఊరెళ్లి రెండు రోజులకు తిరిగొచ్చాం. మధ్యలో కరెంటు చాలాసేపు పోయిందట. ఫ్రిజ్‌లో ఉన్న అన్నం, చికెన్ కూర బాగానే ఉన్నాయనిపించి, బాగా వేడి చేసుకుని తిన్నాం. మా అత్తయ్యకు (68 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి) ఆ రాత్రే వాంతులు, తర్వాత విరేచనాలు. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేశాం, విరేచనాలు ఆగాయి. మూడు రోజులుగా నీరసంగా పడుకునే ఉంటున్నారు, మూత్రం కూడా తక్కువే వస్తోంది. ఫ్రిజ్‌లో వాసన ఎంత తుడిచినా పోవడం లేదు. దేనితో కడగాలి? ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. మీరు ఫ్రిజ్ గురించి అడిగారు, నాకు మాత్రం 'మూత్రం తక్కువ' అన్న మాట దగ్గరే టెన్షన్ పట్టుకుంది. ఆ వయసులో, షుగర్, బీపీ ఉండి, వాంతులు, విరేచనాలయ్యాక మూత్రం తగ్గిందంటే ఒంట్లో నీరు బాగా తగ్గి కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. మనిషిని చూడకుండా ఇదేనని చెప్పలేను. అందుకే ఇది చదవగానే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా 108కి ఫోన్ చేయండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగర్ పరీక్షలు అవసరమవుతాయి. రోజూ వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, కొన్ని బీపీ మాత్రలు ఇలాంటప్పుడు కొద్ది రోజులు ఆపాల్సి రావచ్చు, అది అక్కడి డాక్టరు తేల్చాలి.

షాపులో ఇచ్చిన మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లండి. ఈ మాత్రల విషయంలో మీ మీద కాస్త కోపంగానే ఉంది. విరేచనాలు ఆపడానికి ఇచ్చే లోపెరమైడ్ లాంటివి పేగు కదలికను నెమ్మదింపజేస్తాయి, అంతే. పోయిన నీరు, ఉప్పు తిరిగి రావు. జ్వరం, మలంలో రక్తం ఉన్నప్పుడు వేసుకుంటే ప్రమాదం కూడా. ఇలాంటి కేసుల్లో చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. కావాల్సింది ఓఆర్‌ఎస్. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరులోనే కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. షుగర్ ఉందని చాలామంది మానేస్తారు, మానకూడదు. అందులోని గ్లూకోజే ఉప్పును, నీటిని పేగు పీల్చుకునేలా చేస్తుంది. అట్టపెట్టెల్లో అమ్మే తీపి డ్రింకులు దీనికి బదులు కావు. 'ఓఆర్‌ఎస్' అని పేరు పెట్టి వాటిని అమ్మకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశాలిచ్చింది. మీ అత్తగారికి మూత్రం తగ్గింది కాబట్టి ఇప్పుడు ఎంత తాగించాలో మాత్రం డాక్టరునే అడగండి.

'బాగా వేడి చేశాం' అన్నారు. అన్నంలో బాసిలస్ సిరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం చల్లదనం లేకుండా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాసనకూ రుచికీ తెలియదు. ఆ రాత్రే వాంతులయ్యాయంటే నా అనుమానం అటే, కచ్చితంగా చెప్పలేను. తలుపు తీయకపోతే కరెంటు లేకున్నా ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. అది దాటితే అన్నం, కూరలు, పాలు, మాంసం పారేయాల్సిందే. మామూలుగానైనా అన్నం ఒక రోజు, కూరలు మూడు రోజులకు మించి ఉంచొద్దు. వండినది రెండు గంటల్లోపు, మన ఎండాకాలంలో గంటలోపే, వెడల్పాటి గిన్నెల్లో సర్ది లోపల పెట్టాలి. పచ్చి చికెన్ మూత డబ్బాలో కింది అరలో ఉండాలి.

ఇక వాసన. ప్లగ్ తీసేసి, అన్నీ బయటపెట్టి, సబ్బు నీళ్లతో, తర్వాత వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో తుడవండి. తలుపు రబ్బరు మడతలను వేలికి గుడ్డ చుట్టి తుడవాలి, నల్లటి బూజు అక్కడే దాక్కుంటుంది. అయినా వాసన పోకపోతే వెనక కంప్రెసర్ దగ్గర నీళ్ల ట్రే ఉంటుంది, కడగండి. నెలకోసారి ఇలా చేస్తే చాలు, పాతవి మాత్రం వారం వారం తీసేయాలి.

తలుపు అరలో మందులేవైనా ఉన్నాయా? నీళ్లు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ సీసా మిగిలి ఉంటే పారేయండి, ఇంకొకరికి పోయొద్దు. మీ అత్తగారు ఇన్సులిన్ వాడుతుంటే, తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టినది పనికిరాదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న సీసాను డాక్టరుకు చూపించాకే వాడండి.