ముత్తాత దగ్గర ఆగిపోయారా? వంశచరిత్రపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. గుడిలో సన్నాయి వాయించినందుకు మా వాళ్ళకు మాన్యం (సేవకు ప్రతిఫలంగా ఇచ్చే భూమి) ఉండేదట. ముత్తాతను దాటి పైకి వెళ్ళలేకపోతున్నాను. ఎక్కడ వెతకాలి?

జవాబు: మాన్యం ఉండేదన్న ఆ ఒక్క మాటే మీకు పెద్ద ఆధారం. 1860 ప్రాంతంలో బ్రిటిషు ప్రభుత్వపు ఇనాం కమిషన్ ఊరూరా ఇనాములను, అంటే ఇలాంటి మాన్యాలను, విచారించి ఫెయిర్ రిజిస్టర్లనే పద్దు పుస్తకాలు రాయించింది. మాన్యం విస్తీర్ణం, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, మొదట పొందినదెవరు, అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదటివారికి ఏమవుతారు అన్నవి వరసగా గళ్ళలో ఉంటాయి. ఆ చివరి గడిలో 'మనవడు' అని కనబడిందంటే ఒక్క దెబ్బకు రెండు తరాలు పైకి వెళ్ళినట్టే. 1862లో నలభై ఏళ్ళని రాస్తే పుట్టుక 1822 అటూ ఇటూ. నోటిమాటగా చెప్పిన వయసులవి, ఐదారేళ్ళ తేడా సహజం.

రాత ఇంగ్లీషులో ఉంటుంది. ఒకే అప్పలస్వామి నాలుగు రకాల స్పెల్లింగుల్లో కనిపించవచ్చు, ఇంటిపేరు ఉండకపోవచ్చు. అందుకని మనిషి పేరుతో కాక ఊరు, గుడి పేర్లతో వెతకండి. నకలు కోసం కలెక్టరేట్ రికార్డు గదికి పెట్టే దరఖాస్తులో ఊరు, పాత తాలూకా, 'దేవదాయం ఇనాం' అన్న మూడూ రాయండి. జమీందార్లు కట్టాల్సిన శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన 1802 శాశ్వత శిస్తు తర్వాత జమీందారు ఇచ్చిన మాన్యమైతే మాత్రం ఇందులో ఉండకపోవచ్చు.

చాలామంది దారి తప్పేది జిల్లా పేరు దగ్గర. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. 1936కు ముందు మీ ప్రాంతం గంజాం జిల్లాలో, చికాకోల్ (శ్రీకాకుళం పాత పేరు) తాలూకాలో ఉండేది. ఆ కాలానికి విశాఖపట్నం జిల్లా కట్టలు ఎన్ని తిరగేసినా మీ ఊరు తగలదు. పాలకొండ వైపు వాళ్ళకు ఇది వర్తించదు, వాళ్ళది అప్పుడూ విశాఖపట్నం జిల్లాయే. పాత మద్రాసు ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ప్రశ్న: మా వంశవృక్షంలో అందరూ మగవాళ్ళే. నానమ్మ అత్తగారి జాతకం తాటాకు మీద దొరికింది, 'విజయ నామ సంవత్సరం, పుష్య మాసం' అని మాత్రమే ఉంది. ఆవిడ పుట్టిన ఏడాది, మిగతా ఆడవాళ్ళ పేర్లు ఎలా తెలుసుకోవాలి? (ఒక పాఠకురాలు, చీపురుపల్లి)

జవాబు: విజయ 1893-94లో వచ్చింది, మళ్ళీ 1953-54లో వచ్చింది. ఆవిడ నానమ్మకే అత్తగారు కాబట్టి మొదటిదే. ఏడాది ఉగాదితో మారుతుంది, పుష్యం సంక్రాంతి నెల. కాబట్టి పుట్టింది 1893లో కాదు, 1894 మొదట్లో. ఈ ఒక్క ఏడాది తప్పు చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఆడవాళ్ళ పేర్ల కోసం ముందు ఇంట్లో తద్దినాలు పెట్టేవారిని, వాళ్ళ పురోహితుణ్ణి అడగండి. తండ్రి, తాత, ముత్తాతలను వసు రుద్ర ఆదిత్య రూపాలుగా తలిచే చోట తల్లి, నానమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా చెబుతారు. తల్లి వైపు వాళ్ళనూ తలుస్తారు కనుక అవీ రాసుకోండి. తరువాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. కూతురికి పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చిన దస్తావేజులో ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు, అత్తవారి ఊరు ఉంటాయి. 1983కు ముందువి కంప్యూటర్లో రావు, పాత ఇండెక్సు పుస్తకాల్లో చూడమని అడగాలి. అన్నదమ్ముల పంపకాల దస్తావేజు కూడా వదలకండి.

ప్రశ్న: తాత పేరు మనవడికి పెట్టడంతో మా ఇంట్లో నలుగురు అప్పలనాయుళ్ళు. రాసేటప్పుడు ఎలా విడదీయాలి? (ఒక పాఠకుడు, గజపతినగరం)

జవాబు: ప్రతి ఒక్కరికీ ఒక అంకె ఇచ్చి, పేరు పక్కన తండ్రి పేరు, భార్య పేరు తప్పకుండా రాయండి. భార్య పేరే తేడాను పట్టిస్తుంది. ఒక అప్పలనాయుడి పొలం మరొకరి ఖాతాలో పడేది ఈ రెండూ రాయనప్పుడే.

ఏ సంగతి ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో అదే వరుసలో రాయండి. ఊహ అయితే పెన్సిలుతో రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పెద్దవాళ్ళను 'ఏ సంవత్సరం?' అని అడిగితే తడబడతారు. 'మనవాళ్ళు రంగూన్ నుంచి నడిచొచ్చేసరికి ఆయన ఉన్నాడా? పెళ్ళయిందా?' అని అడగండి. అది జపాను యుద్ధం నాటి 1942. అక్కణ్ణుంచి ముందుకూ వెనక్కూ లెక్కేసుకోవచ్చు.